మొగిలిదొడ్డి పిడికెడు బియ్యం

తాళం కనబడగానే ఇంట్లో ఎవరూ లేరని రాసుకోవడం చదువుకున్నవాళ్లకు అలవాటు. ఆ శనివారం పొద్దున యేసయ్య సారు చేసిందీ అదే. వనపర్తిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు చుట్టుపక్కల క్రైస్తవ సంఘాలన్నింటి మీదా ఉన్న పెద్దల కమిటీకి అధ్యక్షుడు. రెండు బస్సులు మారి, చంకలో ఫైలు పెట్టుకుని తెలకపల్లి అవతలి పునరావాస కాలనీలో దిగాడు. మొగిలిదొడ్డి నుంచి లేచొచ్చిన క్రైస్తవుల ఇండ్లు అక్కడ ఎనిమిది. ఏడింటికి తాళాలు. ప్రతి తాళం ముందూ ఆగి, కళ్లజోడు సర్దుకుని, ఫైలులో ఒక అడ్డగీత గీసుకుంటూ వచ్చాడు.

ఎనిమిదో ఇల్లు భీమమ్మది. ఆమె అరుగు మీద కూర్చుని ఆ గీతలన్నీ చూస్తూనే ఉంది.

భీమమ్మకు అరవై రెండేళ్లు. ముక్కు మీద కోపం, నోట్లో మాట, రెండూ సిద్ధంగా ఉంటాయి. బాప్తిస్మం ఇచ్చిన రోజు పాస్టరు ఏదో మంచి పేరు పెడతానంటే, తనను పుట్టించినవాడికి తన పేరు ఎరుకేనని, మళ్లీ కొత్తగా చెప్పే పనేముందని అని, ఆ పేరుతోనే నీళ్లలో మునిగి లేచింది. అప్పటినుంచి ఆమెను మార్చాలని ఎవరూ చూడలేదు. చూసి ఉంటే ఆ ముచ్చట కూడా మనదాకా వచ్చేది. చదువు రాదు. అయినా ముప్పై ఏళ్లుగా మొగిలిదొడ్డి సంఘంలో పిడికెడు బియ్యం పని ఆమెది, ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు.

ఆ పనేమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. పూటకు బియ్యం కొలిచి గిన్నెలో పోసుకున్నాక, కడగకముందే ఇంటి ఆడమనిషి అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి వేరే డబ్బాలో వేస్తుంది. అది దేవునిది. చేతినిండా ఉన్ననాడూ అంతే, అరసోలె బియ్యం నలుగురికి సరిపెట్టాల్సిననాడూ అంతే. శనివారం నాడు భీమమ్మ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆ బియ్యం పోయించుకుని, గడప దగ్గరే నిలబడి నాలుగు మాటలు ప్రార్థన చేసి పోతుంది. ఆదివారం ఆ సంచి గుడిలో బల్ల ముందు ఉంటుంది. తర్వాత ముసలివాళ్లకు, జబ్బుపడి పనికి పోలేనివాళ్లకు పోతుంది. మొగిలిదొడ్డిలో గుడి కట్టిన ఏడాది రాళ్లు మోసినవాళ్ల కడుపులన్నీ ఆ పిడికెళ్లతోనే నిండాయని పాతవాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. గొప్పే మరి. ఏ దొర దగ్గరా చెయ్యి చాపకుండా కట్టుకున్న గుడి అది.

రెండేళ్ల కిందట రిజర్వాయరు నీళ్లు ఆ ఊరి మీదికి వచ్చాయి. వస్తాయని పదేళ్లుగా అందరికీ తెలుసు, అయినా వచ్చిననాడు ఎవరికీ తెలియనట్టే అయింది. సామాను డీసీఎం లారీల్లోకి ఎక్కిస్తుంటే మగవాళ్లు కూడా గుడి గోడకు తల ఆనించి ఏడ్చారు. దేవుడే ఉంటే తన ఇంటిని మునగనిస్తాడా అని ఎవరో అననే అన్నారు. భీమమ్మ కోళ్ల గంప నెత్తిన పెట్టుకుని బండి దగ్గర నిలబడి ఉంది.

"మునిగేది గోడలు. దేవుడు మనకంటె ముందే డీసీఎం ఎక్కి కూసున్నడు. మీరే ఆలిశం చేస్తున్నరు, ఎక్కుండ్రి," అంది.

ఏడుస్తున్నవాళ్లలో ఇద్దరు నవ్వారు. ఆ నవ్వుతోనే బండ్లు కదిలాయి.

కదిలినవాళ్లు ఒక్కచోటికి పోలేదు, అదీ బాధ. పని ఎటు దొరికితే అటు పోయారు. కాలనీలో ఎనిమిది ఇండ్లు, తెలకపల్లిలో ఆరు, నాగర్‌కర్నూల్‌లో అయిదు, వనపర్తిలో మూడు, గద్వాలలో మూడు. మొత్తం ఇరవై అయిదు. పాస్టరును వేరే ఊరికి వేశారు. భీమమ్మ ఇంటి ముందు రేకుల కింద ఆదివారం కూడిక పెడితే పదిమంది వస్తే ఎక్కువ. ఆమె మాత్రం శనివారాన్ని మానలేదు. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ మీద బస్సెక్కుతుంది. ఒక శనివారం కాలనీ, తెలకపల్లి. ఇంకో శనివారం నాగర్‌కర్నూల్. నెలకోసారి వనపర్తి, గద్వాల. ఆ దారిలో కండక్టర్లకు ఆమె బియ్యపమ్మ. సంచికి టికెట్ కొట్టాలని ఎగతాళి చేస్తారు. అది దేవుని సంచి, కావాలంటే ఆయన్ను ఆధార్ అడుక్కోమని ఆమె అంటుంది.

మొన్న కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇరవై అయిదు ఇండ్లు లేకపోతే అది సంఘం కాదట. పాస్టరు రాడు, కాలనీలో గుడి కోసం చూపించిన జాగాను కమిటీ తీసుకోదు, మొగిలిదొడ్డి పేరు రిజిస్టరులోంచి కొట్టేసి ఎక్కడివాళ్లను అక్కడి సంఘాల్లో కలుపుతారు. కొట్టేసేముందు ఒకసారి కళ్లారా చూసిపోదామని సారు వచ్చాడు. సారు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే వచ్చేవాడే కాదు, వనపర్తిలో కూర్చునే కొట్టేసేవాడు.

ఆయన అరుగు దగ్గరికి వచ్చి వందనాలు చెప్పి, మంచినీళ్లు తాగి, మెత్తగా మొదలుపెట్టాడు.

"ఊరు పోయింది భీమమ్మా. ఇండ్లకు తాళాలున్నాయి. దేవుడు ఎక్కడైనా ఒక్కడే కదా, ఉన్నచోట కలిసిపోండి. ఇందులో చిన్నతనం ఏముంది?"

భీమమ్మ లేచి, కొంగు నడుముకు దోపి, ఆయన్ను మొదటి తాళం దగ్గరికి తీసుకుపోయింది. తలుపు గొళ్లానికి చిన్న గుడ్డమూట కట్టి ఉంది. విప్పి చూపించింది. బియ్యం. రెండో తలుపుకూ మూట, మూడో దానికీ. ఏడు తాళాలకూ ఏడు మూటలు.

"పత్తి ఏరనీకి పోయిండ్రు సారు. తాళమేసిపోయిండ్రు గని, పొయ్యేటప్పుడు దేవునిది గొళ్లానికి కట్టిపోయిండ్రు. రెండేండ్లాయె, ఒక్క మూట మీద ఎవ్వరు చెయ్యి పెట్టలే. ఇండ్లల్ల ఎవ్వరు లేరని రాసుకుంటిరి గదా, జర గీతలు మళ్ల చూసుకోండ్రి."

సారు ఫైలు తెరిచి గీతలు కొట్టేసుకున్నాడు. నిజాయితీ గల మనిషి. కానీ లెక్కల మనిషి కూడా. ఇది ఎనిమిదే అయింది, మిగతా పదిహేడూ ఏవని అడిగాడు. ఊళ్లు మారినవాళ్లు ఇంకా మొగిలిదొడ్డి సంఘమని ఎట్లా రాయగలనన్నాడు.

అక్కడే భీమమ్మకు రోషం వచ్చింది.

"ఇరవై అయిదు ఉన్నయి. ఒక్కటి తక్కువ లేదు. నాతోటి రాండ్రి, ఒక్కొక్క పొయ్యి చూపిస్త."

అన్నాక గానీ తను ఏమన్నదో ఆమెకు తెలియలేదు. ఇరవై నాలుగే ఉన్నాయి. ఇరవై అయిదో ఇల్లు గద్వాలలో రజితది, ఆ ఇంటిని పోయిన నెల తన నోటితో తనే పోగొట్టుకుంది.

రజిత మొగిలిదొడ్డికి కోడలిగా వచ్చిన పిల్ల. దేవుని డబ్బా పెట్టుకోవడం, పిడికెడు తీయడం ఆ పిల్లకు నేర్పింది భీమమ్మే. సొంత కోడలు కాకపోయినా ఆమెను అత్తమ్మా అని పిలుస్తుంది. మొగుడు ఊళ్లో ఉండగానే జబ్బుతో పోయాడు. ఊరు లేచిపోయాక రజిత గద్వాలలో ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి చేరి, దాని వెనక వీధిలో ఒంటిగది తీసుకుంది. పోయిన నెల భీమమ్మ వెళ్లేసరికి ఆ పిల్ల హాస్టల్ నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చి, కిరాణా కొట్టులో కొన్న అయిదు కిలోల బియ్యం ప్యాకెట్టు తెచ్చి చేతికిచ్చింది. అంతకుముందు డబ్బాలో పోసి తెచ్చేది, ఈసారి సీలు కూడా తీయని ప్యాకెట్టు. భీమమ్మకు ఒళ్లు మండింది. పొయ్యి ముట్టించకుండా దుకాణంలోంచి తెచ్చిన బియ్యం దేవునికెందుకు, ఆయనేమన్నా బిచ్చమడిగిండా అని అంది. వండుకునే బియ్యంలోంచి తీసిన పిడికెడు కావాలె గని ప్యాకెట్లు కాదంటూ దాన్ని గడప మీద పెట్టేసి, ప్రార్థన కూడా చేయకుండా బస్సుకు వెళ్లిపోయింది. నెలైంది, రజిత ఫోను చేయలేదు. భీమమ్మ తనకై తను చేసే మనిషి కాదు.

చూపిస్తే రాస్తానని సారు ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ ఇంటి గడప దగ్గరికే కమిటీ అధ్యక్షుణ్ణి వెంటబెట్టుకుని పోవాలి. అనేసిన మాట వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు. దేవుడు చూసుకుంటాడనుకుంది. కానీ ఆయన చూసుకోవడానికి తను పాడు చేయని పనులైతే నయం కదా అని కూడా అనుకుంది.

కాలనీలో మద్దిలేటికి పాత కారు ఉంది. ఆయనదీ మొగిలిదొడ్డే. ఊళ్లో ఏడెకరాల చేను మునిగిపోయాక ఇప్పుడు కిరాయికి కారు తిప్పుకుంటున్నాడు. హిందువుల ఇల్లు, భీమమ్మను అక్కా అంటాడు. సారు ముందు కూర్చున్నాడు, భీమమ్మ సంచితో వెనక కూర్చుంది. కారు కదిలి పది నిమిషాలైనా కాకముందే మద్దిలేటి సారుకు సంగతంతా చెప్పడం మొదలుపెట్టాడు.

"మా గుడి మునిగేటప్పుడు మేం ఆంజనేయుణ్ణి ఎత్తుకొచ్చుకున్నం సారు. వీళ్లకు ఎత్తుకొచ్చెటందుకు ఏం లేకుండె. ఈ అక్క సంచి ఎత్తుకొచ్చింది."

సారు వెనక్కి తిరిగి సంచిని చూశాడు. పాత యూరియా బస్తాను ఉతికి కుట్టిన సంచి అది.

తెలకపల్లిలో ఆరు ఇండ్లు గంటన్నరలో అయిపోయాయి. ఆడవాళ్లకు భీమమ్మ వచ్చే వేళ తెలుసు. కారులో వచ్చేసరికి ఆశ్చర్యపోయి, సారును చూసి కొంగులు సర్దుకుని, డబ్బాలు తెచ్చి పోశారు. ప్రతి గడప దగ్గరా ఆమె చేసే ప్రార్థన ఒకే తీరుగా ఉండదని సారు గమనించాడు. ఒకచోట కొడుక్కు పని దొరకాలని, ఒకచోట ఆ దొరికిన కొడుకు తాగుడు మానాలని. ఒకామెకు మాత్రం ప్రార్థన తర్వాత, కోడల్ని సతాయించడం మానకపోతే వచ్చే వారం నీ బియ్యం తీసుకోనని అందరి ముందే చెప్పింది. ఆమె సిగ్గుపడి నవ్వింది. కోడలు నవ్వలేదు గానీ డబ్బా మాత్రం గట్టిగా తట్టి ఆఖరి గింజదాకా పోసింది.

నాగర్‌కర్నూల్‌లో నాలుగిండ్లు చూశాక సుగుణమ్మ దగ్గరికి వెళ్లారు. డెబ్బై దాటింది, ఆ మధ్య పక్షవాతం వచ్చి మంచం పట్టింది. ఆ ఇంట్లో వండేది కోడలే, అయినా పూటపూటకూ బియ్యం గిన్నె అత్త మంచం దగ్గరికి తెస్తుంది. సుగుణమ్మ ఎడమ చేత్తోనే తీస్తుంది. ఆ చెయ్యి కూడా సరిగా ముడవదు, పది గింజలు వస్తే ఎక్కువ. వారానికి గుప్పెడు కూడా కావు. కోడలు ఆ కాసిని బియ్యాన్ని చిన్న గిన్నెలో తెచ్చి సంచిలో పోసింది. భీమమ్మ అవి పడే దాకా సంచి మూతి రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, బయటికి వచ్చాక గానీ మళ్లీ పెట్టుకోలేదు. భీమమ్మకు లోపల ఎంత గర్వంగా ఉందంటే, కాసేపు గద్వాల సంగతే మరిచిపోయింది. ఇట్లాంటి సంఘాన్ని కాగితం మీద కొట్టేస్తారా, కొట్టేయండి చూద్దాం అనుకుంది.

వనపర్తిలో మూడూ చూసి బయటపడేసరికి రెండు దాటింది. ఫైలులో ఇరవై రెండు ఇండ్లకు టిక్కులు పడ్డాయి. పెబ్బేరు దగ్గర రోడ్డు పక్క హోటల్లో మద్దిలేటి కారు ఆపాడు. భోజనాలయ్యాక టీ తాగుతుంటే హోటల్ వంటాయన బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుని తన పళ్లెం ముందు పెట్టుకున్నాడు. మద్దిలేటికి తెలిసినవాడే. ఇంటికి పోయి పెళ్లాం చేతి కూడు తినరాదా అని ఎకసెక్కమాడాడు. ఆయన మాత్రం మామూలుగానే చెప్పాడు.

"ఇంట్ల పొయ్యి ఏడిదన్నా నాకు. వందమందికి వండెటోన్ని, ఒక్కనికోసం ఇంట్ల మళ్ల వండుకుంటనా? ఈడనే తింట, ఆడ పండుకుంట."

భీమమ్మ చేతిలో గ్లాసు అట్లాగే ఆగిపోయింది. తల కొట్టేసినట్టయింది ఆమెకు. రజిత హాస్టల్లో మూడొందల మంది పిల్లలకు వండుతుంది. అక్కడే తింటుంది. ఆ ఒంటిగదిలో పొయ్యి ఉందా లేదా అని తను ఏనాడైనా చూసిందా? గడప దాటి లోపలికి పోయిందా? వండేది సర్కారు బియ్యం, పిల్లల నోటికాడివి. అందులోంచి ఒక్క గింజ తీసినా దొంగతనం. తీయలేదు ఆ పిల్ల. తీయలేక, దేవునికి లేకుండా చేయలేక, జీతంలోంచి ప్యాకెట్టు కొనుక్కొచ్చి ఇచ్చింది. దాన్ని తీసుకుని గడప మీద పెట్టొచ్చింది తను. పొయ్యి ముట్టించవని తిట్టి మరీ వచ్చింది. ముప్పై ఏండ్లు ఈ పని చేసి నేర్చుకున్నది ఇదేనా అని తనను తనే తిట్టుకుంది. అప్పుడు వచ్చినంత సిగ్గు ఆమెకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు.

కారు బీచుపల్లి బ్రిడ్జి ఎక్కింది. కింద కృష్ణ నిండుగా ఉంది. ఊరు మునిగిననాడు కూడా భీమమ్మ దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఆయనకు తెలియనిదేం కాదని ఊరుకుంది. ఇప్పుడు కళ్లు మూసుకుని అడిగింది. నీళ్లొచ్చి చెదరగొట్టినా నువ్వు ఒక్కరినీ పోనియ్యలేదు, నేను నోటితో ఒకదాన్ని పోగొట్టిన, ఆ పిల్లను తిరిగియ్యి, నన్ను ఏమన్నా చేసుకో అని అడిగింది. బ్రిడ్జి దాటకముందే కళ్లు తెరిచింది.

"సారు, ఒక్క మాట. గద్వాలల మూడో ఇల్లు లేదు. ఉండె. నేనే పోగొట్టిన."

సారు వెనక్కి తిరిగాడు. ఆమె ఏదీ దాచకుండా ప్యాకెట్టు సంగతి, తను అన్న మాటలు, చేయని ప్రార్థన, అన్నీ చెప్పింది. మద్దిలేటి అద్దంలోంచి చూస్తూ కారు నెమ్మది చేశాడు. ఇరవై నాలుగైతే తన చేతిలో ఏమీ లేదని, కమిటీలో అందరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటని, తనొక్కడు మార్చలేడని సారు చెప్పాడు. వెనక్కి పోదామా అని కూడా అడిగాడు.

"పోను సారు. మీరు కొట్టేస్తరా కొట్టేయండ్రి, అది మీ కాయితం. ఇప్పుడు నేను లెక్కకోసం పోతలేను. బిడ్డను తప్పైందని అడగనీకి పోతున్న. బండి ఆపకు మద్దిలేటీ."

మద్దిలేటి ఆపలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు.

గద్వాలలో కోట వెనక వీధిలో రెండిండ్లున్నాయి. విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేన్లలో పనిచేసే కుటుంబాలు. వాళ్లు పోశారు, ప్రార్థన అయింది, ఫైలులో ఇరవై నాలుగు టిక్కులు పడ్డాయి. ఆ పక్క సందులోనే రజిత గది. రెండు వైపులా మగ్గాల ఇండ్లు, ఆ చప్పుడు మధ్యలో ఒక నీలం తలుపు. తలుపు మూసి ఉంది. మద్దిలేటి హాస్టల్ గేటు దగ్గరికి పోయి కబురు చెప్పి వచ్చాడు. పది నిమిషాలకు రజిత చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ముప్పై రెండేళ్లుంటాయి. భీమమ్మను చూసి ఆగింది. సారుకు వందనాలు చెప్పి, తాళం తీసింది.

భీమమ్మ గడప ఎక్కలేదు. కింద వీధిలోనే నిలబడింది. చుట్టూ మగ్గాలు ఆగి, ఇద్దరు ముగ్గురు బయటికి వచ్చి చూస్తున్నారు. చూడనీ అనుకుంది. తిట్టినప్పుడు కూడా వీధి వినేలాగే తిట్టింది కదా.

"తప్పు నాది బిడ్డా. పొయ్యి ముట్టియ్యవని అన్న. నీకు ఇంట్ల పొయ్యే లేదని నేను ఎరుక చేసుకోలే. నువ్వు కష్టం చేసి కొన్న బియ్యం దేవునికి కాకపోతే మరెవ్వరికి? ఆ ప్యాకెట్టే ఇయ్యి, నెత్తిన పెట్టుకొని పోత."

రజిత తలెత్తి, ఆ ప్యాకెట్టు లేదంది.

భీమమ్మ తలూపింది. లేకపోవడమే న్యాయమనిపించింది ఆమెకు. సంచి మడుచుకోబోయింది.

"వండుకొని తింటున్న అత్తమ్మా," అంది రజిత. "నువ్వు పోయిన తెల్లారి స్టవ్వు కొన్న. పొద్దుటి పూట హాస్టల్ల తినుడు బందు చేసిన. నాలుగ్గొట్టంగ లేసి, నా ఒక్కదానికి సరిపొయ్యేంత ఇంట్లనే వండుకొని పోతున్న. పొయ్యి లేకుంటే పిడికెడు ఏడికెల్లి తీస్త?"

లోపలికి పోయి స్టీలు డబ్బా తెచ్చింది. మూత తీసింది. ముప్పావు వంతు నిండి ఉంది. మధ్యలో రెండు రోజులు జ్వరం వచ్చి వండలేదని, ఆ రెండు పిడికెళ్లు ఇందులో లేవని, దొంగ లెక్క చెప్పనని అంది. భీమమ్మ ఆ పిల్ల భుజం మీదుగా లోపలికి చూసింది. గోడ వారగా ఒకే మంట ఉన్న చిన్న స్టవ్వు, దాని పక్కన ఒకే మనిషికి సరిపోయే గిన్నె. తను తీసిపారేసిన ప్యాకెట్టు చిట్టచివరికి పోవలసిన చోటికే పోయింది. అదీ ఒక్కసారి కాదు, రోజుకో పిడికెడు చొప్పున, తెల్లవారకముందే లేచిన మనిషి చేతి మీదుగా.

"మరి ఫోను చేసి చెప్పరాదా పిల్లా? నెల నుంచి నా పానం పోతుండె గదనే," అంది భీమమ్మ.

"ఎందుకు చెప్పాలె? నేనూ మొగిలిదొడ్డి మనిషినే. నువ్వే వస్తవనుకున్న."

ఆ మాట విని భీమమ్మ ఆ గడప మీదే కూర్చుంది. ఆమెకు కోపం రావలసిన మాటే అది, కానీ కోపం రాలేదు. ఇంత పొగరు ఎక్కడ నేర్చుకుందో ఆమెకు తెలుసు. తన దగ్గరే నేర్చుకుంది. ఊరు పోయి, మొగుడు పోయి, పరాయి ఊళ్లో ఒంటిగదిలో ఉన్న ఆడపిల్ల ఇంత తల ఎత్తుకుని నిలబడిందంటే, ఆ సంఘం మునిగిందని ఎవరంటారో అనమనండి.

సంచి మూతి రజిత పట్టుకుంది, భీమమ్మ డబ్బా వంపింది. ప్రార్థన చేయడానికి కళ్లు మూసుకుంది గానీ మాట పెగలలేదు. ముప్పై ఏళ్లలో అట్లా ఎప్పుడూ కాలేదు. అప్పుడు రజితే చేసింది, చిన్నగా, రెండు ముక్కల్లో. అత్తమ్మ మోకాళ్లకు బలమియ్యి దేవా, ఇంకా మస్తు తిరగాల్సినది ఉందని అడిగింది. యేసయ్య సారు వీధిలో చెప్పులు విప్పి నిలబడి, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

ఆయన ఫైలులోంచి కమిటీ ఉత్తరం కాపీ తీసి, గోడకు ఆనించి దాని వెనక ఏదో రాసి, సంతకం చేసి, రజిత చేతికిచ్చాడు. భీమమ్మ ముఖం చూసి, ఆమెకు చదివి వినిపించమన్నాడు.

రజిత చదివింది. "మొగిలిదొడ్డి సంఘం. ఇరవై అయిదు ఇండ్లు. అన్నింటినీ నా కళ్లతో చూశాను. ప్రతి ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది. పాస్టరును పంపవలెను."

"ఇంకోసారి చదువు బిడ్డా," అంది భీమమ్మ.

రజిత రెండోసారి నిదానంగా, మగ్గాల దగ్గర నిలబడినవాళ్లకు కూడా వినబడేలా చదివింది. మూడోసారి భీమమ్మ అడగలేదు. సంచి భుజానికెత్తుకుని సందు చివర కారు దగ్గరికి నడిచింది. అంత దూరం నుంచీ ఏమైందక్కా అని మద్దిలేటి కేకేసి అడుగుతున్నాడు. ఆమె దగ్గరికి పోయి, సంచి దించి, చదువు రాని ఆ మనిషి ఆ అయిదు ముక్కలనూ అక్షరం పొల్లు పోకుండా, హెడ్మాస్టరు రాసిన తీరుగానే ఆయనకు అప్పజెప్పింది.